నివ్వరి ధాన్యము, నిలిచిపోయిన కెమెరా

వస్తువును నిర్మించినవాడే దానిని విడిచిపెట్టిన పిమ్మట, ఆ వస్తువును క్రొత్తగా చేపట్టుట వివేకమా, అవివేకమా అను ప్రశ్న పైకి బేరసారములకు సంబంధించినదిగనే తోచును గాని, కొంచెము లోతునకు దిగి చూచినయెడల అది కర్మకును, కర్త సంకల్పమునకును, సాధనసామగ్రికిని గల సంబంధమును గూర్చిన ప్రశ్నయై, మన పూర్వులు యజ్ఞప్రసంగమున తర్కించి తేల్చిన ప్రశ్నయై కనబడును. రోలు, నాగలి, రాగిచెంబు మున్నగువాని విషయమున ఈ శంక పుట్టుటకే అవకాశము లేదు. చేసిన కంచరి గతించినను చెంబు నీరు పట్టుట మానదు. కెమెరా అట్లు ఒంటరిగా మనజాలని వస్తువు. దానికి లెన్సు వలయును. లెన్సు పెట్టెపై కుదురుకొనుటకు ఒక పట్టు, అనగా మౌంటు, వలయును. లోపల ఫిల్ము గాని సెన్సారు గాని వలయును. వెలుతురును కొలుచుటకు సెల్లు, చెడినప్పుడు విప్పి చూచుటకు మెకానిక్కు, వీనియన్నిటికిని వెనుక, రేపు మరియొక లెన్సు చేసి యిత్తునను కంపెనీవాని మాట వలయును. ఇవియన్నియు కలిసినది సిస్టము. కెమెరా కొనువాడు ఒక పెట్టెను కొనుచున్నానని తలంచును గాని, నిజమునకు ఒక కుటుంబముతో వియ్యమందుచున్నాడు.

ఆ కుటుంబమునకు పెద్ద చేతులెత్తివేసిన కథలు లోకమున పెక్కులు గలవు. కెనాన్ కంపెనీవారు 1971లో ఎఫ్.డి. అను పేర ఒక మౌంటును ప్రవేశపెట్టి, దానికై రకరకముల లెన్సులను నిర్మించి, 1976లో ఏ.ఇ.-1 అను కెమెరాతో దానిని సామాన్యుల చేతులలోనికి తెచ్చి, తుదకు 1987లో, తాము వేసిన ఆ బాటను తామే మూసి, ఈ.ఓ.ఎస్. అను వేరొక బాటను తెరచిరి. లెన్సులోననే చిన్న మోటారు నుంచి, ఫోకసు దానంతట అదియే కుదురునట్లు చేయవలెనన్నచో పాతపట్టులోని మీటలును, కొక్కెములును పనికిరావని వారి నిర్ణయము. అది యుక్తమైన నిర్ణయమే. కాని పాత పట్టునుండి ఫిల్మునకు గల దూరము 42 మిల్లీమీటర్లు, క్రొత్త దానికి 44; ఈ రెండు మిల్లీమీటర్ల వ్యత్యాసము వలన, ఏ కడియము చేయించి తగిలించినను, నడుమ మరియొక గాజుబిళ్ళ నుంచిననే తప్ప, పాతలెన్సు క్రొత్తపెట్టెపై దూరదృశ్యమును స్పష్టముగా చూపజాలదు. ముంగిటిలోని మొగ్గ కుదురును, ఆవలి గోపురము కుదురదు. పదునారు సంవత్సరములుగా లెన్సు వెంట లెన్సును కూర్చుకొన్న భక్తుల ఐశ్వర్యము నంతను ఆ రెండు మిల్లీమీటర్లు ఒక్కనాటిలో పాతసరుకుగా మార్చివేసినవి. నికాన్ వారు 1959 నాటి ఎఫ్ మౌంటును దశాబ్దములకొలది విడువక పట్టుకొనియుండుట ఈ రంగమున అపురూపమైన నిష్ఠ. ఆ నికాన్ వారే 2011లో 'నికాన్ వన్' అను చిన్న సిస్టమును తెచ్చి, 2018 నాటికి దానికి మంగళము పాడిరి. కాంటాక్స్, యాషికా పేర్లతో కెమెరాలు చేయుచుండిన క్యోసెరా వారు 2005లోను, కోనికా మినోల్టా వారు 2006లోను ఆ వ్యాపారమునుండియే తొలగిరి. కెనాన్ వారి ఈ.ఓ.ఎస్.-ఎం 2012లో పుట్టి 2023లో ముగిసినది.

ఈ దూరదేశవార్తలకు కృష్ణా డెల్టాలోని మా చల్లపల్లితో పని యేమి యని అడుగవచ్చును. ఉన్నది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిని పుట్టువెండ్రుకలు తీయించుటకును, చెవులు కుట్టించుటకును వచ్చువారును, దివిసీమ గ్రామములనుండి పెండ్లిబట్టలకు వచ్చువారును, పాసుపుస్తకమునకు ఫోటో కావలసిన రైతులును ఒకప్పుడు ఈ ప్రాంతపు స్టూడియోలను పోషించిరి. తెరపై చిత్రించిన ఉద్యానవనము, దానిముందు చేతికుర్చీ, దానిలో క్రొత్త అల్లుడు, అతని భుజముపై చేయి వేయుమన్నందుకు సిగ్గుతో సగము వేసి సగము వేయని పెండ్లికూతురు: ఇట్టి పటము లేని యిల్లు డెల్టాలో అరుదుగా నుండెడిది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇండ్లు పోయిన చోట ఆ పటములును పోయినవి. పోయిన మనుష్యుల ముఖములను తిరిగి చూచుకొనుటకు, ఎగువ ఊళ్ళలోని బంధువుల గోడలపై మిగిలిన ప్రతులే దిక్కైనవి. అట్టి స్టూడియోలలో పెక్కింటిని సెల్ ఫోను మూయించినది. యజమానుల అనంతరము కుమారులు బీరువాలు సర్దినప్పుడు, యాషికాలును, కెనాన్లును, తోలుసంచులతోసహా బయటపడి, కొన్ని తూకమునకును, కొన్ని బెజవాడ పాతసామానుల దుకాణములకును పోవుచున్నవి.

అట్టిదొకటి మా యెరుకలోని ఒక యువకుని కంట బడినది. కెనాన్ ఎఫ్.టి.బి., 1971లో వెలువడిన తరగతి. దానికి 50 మిల్లీమీటర్ల లెన్సు. అతడు డిజిటల్ కెమెరాతో పెండ్లిండ్లకు ఫోటోలు తీసి జీవించువాడే. ‘‘బాబాయిగారూ, పెట్టె చూస్తే తళతళలాడుతోంది. కానీ కంపెనీవాళ్ళే ఎప్పుడో వదిలేశారు, నువ్వు పట్టుకుని వేళ్ళాడతావేంట్రా అంటున్నారు అందరూ. తీసుకోనా, మాననా?’’ అని అడిగెను.

ఇట్టి ప్రశ్నకు లోకము రెండు సమాధానములను సిద్ధముగా నుంచుకొన్నది. ముందు చూపు గలవాడు, చచ్చిన గేదెకు గడ్డి వేయకుమనును. పాతదానిపై ప్రీతి గలవాడు, ఆనాటి ఇత్తడి, ఆనాటి గాజు ఈనాడు ఎక్కడ దొరకునని కన్నులు మూసికొనును. ఇరువురును వస్తువు యొక్క ఆయుస్సును కంపెనీవాని మనస్సునకు ముడివేసి చూచువారే. నాకు తోచినంతవరకు, జీవించియున్న సిస్టమును కొనువాడు కొనునది చేతికి వచ్చిన వస్తువు కొంత, రాబోవు వస్తువులను గూర్చిన వాగ్దానము చాలవరకు. ఆ వాగ్దానమునకు పత్రము లేదు, సాక్షి లేడు, గడువు లేదు. 1986లో ఎఫ్.డి. లెన్సు కొన్నవాడు జీవించియున్న సిస్టమునే కొన్నాడు. మరుసటి యేటికి అది యేమైనదో చూచితిమి. నిలిచిపోయిన సిస్టములో మోసపుచ్చుటకు వాగ్దానమే లేదు, ఉన్నదంతయు కంటి యెదుటనే యున్నది. ఇంతమాత్రముచేత అది కొనదగినదని తేలదు. ఎవనికి కొనదగినది అను అసలు ప్రశ్నకు దారి తొలగినది, అంతే.

ఆ 'ఎవనికి' అను మాటయే మీమాంసకులకు అధికారవిచారము. జైమిని సూత్రములలో ఆరవ అధ్యాయము దానికై కేటాయింపబడినది. దానిలోని మూడవ పాదము ఆరంభముననే ఒక చక్కని వివాదము కలదు. అగ్నిహోత్రము, దర్శపూర్ణమాసములు జీవితాంతము చేయవలసిన నిత్యకర్మలు. ప్రతి కర్మకును ప్రధానమని ఒకటియు, దానిని చుట్టుకొని అంగములనబడు చిన్నచిన్న క్రియలు అనేకములును ఉండును. అంగములన్నిటిని పొల్లుపోకుండ జరుపగల శక్తి యున్ననాడే కర్మకు పూనుకొనవలెనా, లేక కొన్ని లోపించినను పూనుకొనవచ్చునా? పూర్వపక్షి అన్నియు ఉండవలెననును. సిద్ధాంతి యిట్లనును: నిత్యకర్మయందు ప్రధానము నెరవేరిన చాలును, అంగములు శక్తికొలది, ముసలితనమున, దారిద్ర్యమున, పరదేశమున అంగములు కుదురలేదని కర్మ మానరాదు. ఇక కామ్యకర్మ సంగతి వేరు. వానకై చేయు కారీరీష్టిని గాని, సంతానమునకై చేయు పుత్రకామేష్టిని గాని పూనినవాడు సమస్తాంగములను సమకూర్చుకొనియే పూనవలెను. అచ్చట ఫలము కావలెనని కోరినవాడు తానే గనుక, ఒక్క అంగము లోపించినను ఫలము రాలేదని వగచుటకు అధికారము లేదు.

ఈ భేదమును గ్రంథములలో చదివిన నాడు నాకు పొడిపొడిగా నుండెను. మా చల్లపల్లి వీధులలో దానిని చూడవచ్చును. 2014 నవంబరు నుండి 'స్వచ్ఛ చల్లపల్లి' అను పేర కొందరు, వైద్యులు, ఉద్యోగులు, గృహిణులు, రైతులు, తెల్లవారక మునుపే చీపుళ్ళు, పారలు, గంపలు పట్టుకొని వచ్చి రోడ్ల ప్రక్కల చెత్త నెత్తి, మురుగు తీసి, మొక్కలు నాటుచున్నారు. ఎందరు వచ్చిరని లెక్కించి ఆరంభించు పని కాదది. వచ్చినవారితో, ఉన్న పనిముట్లతో సాగును. ఊడ్చిన చోటనే మరునాడు అరటితొక్క పడును. ఫలమును చూచి చేసినవాడైనచో రెండవనాడే చీపురు పారవేసియుండును. అదే మనుష్యులు అదే ఊరిలో ఒక వంతెన కట్టించుటకు పూనుకొన్నారనుకొందము: అప్పుడు ఇసుక తక్కువైనది, ఇనుము రాలేదు, అయినను శక్తికొలది కట్టితిమి అను మాట చెల్లదు. సగము వంతెన వంతెన కాదు.

ఇప్పుడు కెమెరాను ఈ రెండు త్రాసులలో నుంచి తూచవలెను. పెండ్లి ఫోటోలు కామ్యకర్మ, అందును పరార్థము. జీలకర్రబెల్లము పెట్టు క్షణము మరల రాదు. తలంబ్రాలు పోయునపుడు షట్టరు బిగుసుకొన్నదని ‘‘అమ్మా, ఇంకొక్కసారి’’ అనుటకు వీలు లేదు. ధనమిచ్చినవాడు సర్వాంగసంపూర్తి కోరి యిచ్చినాడు. కావున జీవనోపాధికై ఫోటోలు తీయువాడు, పెట్టె చెడిన మరునాడే మరియొక పెట్టె, లెన్సు పగిలిన సాయంత్రమే మరియొక లెన్సు దొరకు సిస్టముననే యుండవలెను. అచ్చట నిలిచిపోయినదానిని వాడుట సాహసము కూడ కాదు, ఇతరుల ఫలముతో జూదమాడుట. ఈ విషయమున ముందుచూపువానికి నా పూర్ణసమ్మతి.

కాని ఆ యువకుడే, ఎవరును అడుగకయే, ఎవరును ధనమీయకయే, నాట్లనాటి చేలగట్లను, నడకుదురు పృథ్వీశ్వరస్వామి యాలయప్రాంగణములోని చెట్టునీడను, కాలువగట్టున బట్టలుతుకు చప్పుడు ఆగిన మధ్యాహ్నమును ప్రతిదినము ఏదో యొకటి చూచి నిలుపుకొనవలెనను నియమము పెట్టుకొన్నవాడైనచో, ఆ చూచుటయే ప్రధానము, తక్కినవన్నియు అంగములు. ఫ్లాషు లేకున్నను, జూము లేకున్నను, ముప్పదియారు బొమ్మలతో రీలు ముగిసినను, ప్రధానమునకు లోపము లేదు. ఫోటో తీయుమని ఏ శ్రుతియు విధింపలేదు గదా, దీనిని నిత్యమనుట యెట్లని పండితులు ఆక్షేపింపవచ్చును. ఒప్పుకొందును, ఇది స్వయముగా విధించుకొన్న నియమము, వ్రతము వంటిది. యజ్ఞమునకై పుట్టిన న్యాయములు యజ్ఞశాలలో నిలిచిపోలేదు. దత్తపుత్రుని ఔరసునకు ప్రతినిధి యన్న ధర్మశాస్త్రకారులును, ఆ మాట పట్టుకొని వాదించిన జమీందారీ వ్యాజ్యములలోని వకీళ్ళును వానిని ఎప్పుడో వీధిలోనికి తెచ్చిరి. నేను ఇంకొక నాలుగడుగులు తీసికొనిపోవుచున్నాను.

ప్రతినిధి యను మాట వచ్చినది గనుక, ఈ బేరమునకు అత్యంతోపకారకమైన ప్రకరణమునకు వత్తము. అదియు ఆ మూడవ పాదములోనిదే. యజ్ఞమునకు వ్రీహులు, అనగా వరిధాన్యము, విధింపబడినవి. కర్మ మధ్యమున అవి దొరకకుండ పోయినవి. అప్పుడు కర్మ ఆగిపోవలెనా? ఆగనక్కరలేదు, నీవారములతో ముగింపవచ్చునని నిర్ణయము. నీవారమనగా నివ్వరి: చెరువులలోను, పల్లపునేలలలోను విత్తకయే మొలచు వరి, మంత్రపుష్పములో ప్రతిదినము చెవిని బడునదే. సోమలత దొరకనిచో పూతికలతను గ్రహింపవచ్చుననియు చెప్పబడినది. పోలిక గల ద్రవ్యమే గ్రాహ్యము. విధించిన ద్రవ్యముతో ఏ అంశములయందు సామ్యము గలదో ఆ అంశములద్వారా విధి కొంతవరకైన నెరవేరును. అయితే దీనికొక కట్టు కలదు. మినుములు, ఆరికలు యజ్ఞమునకు అనర్హములని నిషేధింపబడినవి గనుక, ఎంత పోలియున్నను అవి ప్రతినిధులు కారాదు. వరి కోసిన మాగాణిలో మినుము పండించి బ్రతుకు మన డెల్టా రైతునకు ఈ నిషేధము కొంచెము కష్టముగనే తోచును గాని, శాస్త్రము శాస్త్రమే.

ఎఫ్.టి.బి. విషయమున ఈ న్యాయము అక్షరాల ఎట్లు పనిచేయునో చూడుడు. ఆ కెమెరాలో షట్టరు కేవలము స్ప్రింగులతోను, పళ్ళచక్రములతోను నడచునది. సెల్లు వెలుతురును కొలుచు ముల్లునకు మాత్రమే. దానికి విధింపబడినది 1.35 వోల్టుల పాదరసపు సెల్లు. పాదరసము విషమని పలుదేశములు దానిని నిషేధించుటచే ఆ సెల్లు అంగడులనుండి మాయమైనది. ఇప్పుడు అదే కొలతతో, అదే రూపముతో ఆల్కలైన్ సెల్లు దొరకును; గూటిలో చక్కగా కూర్చుండును; చూచినవాడు ఇదియే అదియని భ్రమపడును. కాని దాని బలము 1.5 వోల్టులు, అదియు వాడినకొలది జారిపోవుచుండును. ముల్లు అబద్ధమాడును, బొమ్మలు చెడును. ఇది మినుము. ఇక చెవిమిషనులలో వేయు జింకు-గాలి సెల్లు, 675 అను సంఖ్య గలది, ఆకారమున చిన్నది, గూటిలో కదలాడును, చుట్టును ఒక రబ్బరు వలయమైనను వేయనిదే నిలువదు. అయినను దాని బలము 1.4 వోల్టులకు దాపుగా నుండి, ఆయువున్నంతకాలము ఇంచుమించు నిలకడగా నుండును. ఇది నివ్వరి. రూపసామ్యము వేరు, కార్యసామ్యము వేరు. పెద్దలకు చెవిమిషను సెల్లు లమ్ము మందులషాపులో పాదరసపు సెల్లునకు ప్రతినిధి దొరకునని కెనాన్ వారు ఊహించియుండరు. ఆ సెల్లుకూడ లేనినాడు, ఎండలో పదునారు, మబ్బులో ఎనిమిది అని ఎపర్చరును కంటితో నిర్ణయించుకొన్న పాతకాలపు స్టూడియోవారి అభ్యాసమొకటి ఉండనే యున్నది.

ఫిల్ము సంగతియు ఇట్టిదే. మన దేశమునకు స్వంతముగా ఫిల్ము ఉండవలెనని 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఊటీ కర్మాగారము మూతపడినది. 'ఇందు' అను పేరు పాతఫోటోగ్రాఫర్లకే తెలియును. అయినను నలుపు తెలుపు ఫిల్ము చేయువారు ఇంకను కొన్ని దేశములలో నున్నారు. దానిని కడుగుట మెటోలు, హైడ్రోక్వినోను, సోడా కలిపిన ద్రావణముతోను, పిమ్మట హైపోతోను జరుగు పని; చీకటిగది యున్న ఇంటిలో ఎవరైనను చేసికొనవచ్చును.

ప్రతినిధికి ఒప్పని స్థానములనుకూడ జైమిని చెప్పినాడు: దేవతకు ప్రతినిధి లేదు, అగ్నికి లేదు, మంత్రమునకు లేదు, క్రియకు లేదు. ఇంద్రునకీయవలసినది వరుణునకిచ్చినచో అది ఆ కర్మయే కాదు. నిలిచిపోయిన సిస్టములలో కొన్నిటికి ఇట్టి చోటనే దెబ్బ తగిలియుండును. ఈస్ట్‌మన్ కోడాక్ వారి కోడాక్రోము 1935లో పుట్టి 2009లో ఆగినది. తక్కిన ఫిల్ములలో రంగునకు బీజము ఫిల్ములోననే యుండగా, దీనిలో కడుగునప్పుడే రంగు చేర్పబడెడిది. కన్సాసు రాష్ట్రములోని పార్సన్సు అను చిన్నపట్టణములో మిగిలిన కడపటి ల్యాబు 2010 డిసెంబరు 30 తర్వాత రీళ్ళు తీసికొనుట మానినది. ఎవని ఐసుపెట్టెలోనైనను ఇంకను ఒక కోడాక్రోము రీలు మిగిలియున్నచో దానిని నలుపు తెలుపుగా కడుగుకొనవచ్చును గాని, ఆ రంగులు ఇక రావు. ద్రవ్యమున్నది, క్రియ పోయినది. డిజిటల్ సిస్టములు నిలిచిపోయినప్పుడు ఈ అపాయమే అధికము. వాని ప్రాణమంతయు ఆ కెమెరాకొరకే చేయబడిన బ్యాటరీలోను, కంపెనీవాడు తప్ప మరియొకడు తాకలేని సర్క్యూటులోను ఉండును. చెడినచో నివ్వరి దొరకు చెరువు లేదు. కావున 1971 నాటి పెట్టెకంటె 2012 నాటి పెట్టె వృద్ధమైనదని నా అభిప్రాయము. వయస్సును పుట్టిన యేటినుండి లెక్కించుట మనుష్యులకే సరిపోవును.

అందరును లేదనుకొన్న దారి ఒకప్పుడు ఇంకొక వైపునుండి తెరచుకొనుటయు కలదు. అద్దములేని క్రొత్త కెమెరాలలో పట్టునకును సెన్సారునకును దూరము బాగుగ తగ్గినది. సోనీ వారిదానిలో 18 మిల్లీమీటర్లు, కెనాన్ వారి నేటి ఆర్.ఎఫ్. మౌంటులో 20. కావున నడుమ ఒక కడియము తగిలించినచో, 1987లో అనాథలైన ఎఫ్.డి. లెన్సులు వీనిపై గోపురమును, చంద్రుని గూడ స్పష్టముగా చూపును. 1855 నాటి బెజవాడ ఆనకట్ట పని ముగిసి, 1957లో ప్రకాశం బ్యారేజి లేచినప్పుడు, పాత కాలువలను పూడ్చివేయలేదు గదా. నీటిని మలుపు గోడ మారినది, దివిసీమకు నీరు పాతదారినే వచ్చినది. లెన్సుల విషయమున జరిగినదియు అట్టిదే. అయితే ఇది నమ్ముకొని కొనవలసిన సంగతి కాదు. వచ్చిన తర్వాత సంతోషింపవలసిన సంగతి.

ఇక ప్రతినిధి లేని స్థానములలో మిగిలినది యజమానుడు. ఋత్విక్కు రాకపోయినచో మరియొకనిని వరింపవచ్చును. ఫలము ఎవనిదో ఆ యజమానునకు మాత్రము బదులు లేదు. నిలిచిపోయిన సిస్టములను కొనువారిలో పెక్కుమంది తప్పు చేయునది ఇచ్చటనే. పాతకెమెరా తమకు బదులుగా చూచునని వారి ఆశ. దానిని అద్దాలబీరువాలో నిలిపి, వచ్చినవారికి చూపి, తోలుసంచి వాసన పీల్చి సంతృప్తి పొందుదురు; రీలు మాత్రము వేయరు. యజ్ఞపాత్రలను తోమి వరుసగా పేర్చుకొన్నవానిని సోమయాజి అనము.

వీరికంటె సూక్ష్మమైన వ్యాధి యింకొకటి కలదు. జీవించియున్న సిస్టములో నున్నవానికి రాబోవుదానిపై తృష్ణ. ప్రతి సంవత్సరము క్రొత్తపెట్టె అతనిని పిలుచుచుండును. నిలిచిపోయినదానిలో ఆ పిలుపు లేదు, అందుచే శాంతి యుండవలెను. కాని దానికి బదులు స్పేరు తృష్ణ పుట్టును: ఇది చెడినచో మరి దొరకదేమో, ఇంకొకటి కొని యుంచుదము, దానికికూడ ఏమైన నయినచో, మూడవది. అపరిగ్రహమును కోరి ప్రవేశించినవాని ఇంటిలో ఐదు పెట్టెలు, తొమ్మిది లెన్సులు. మన డెల్టా గాలి ఈ సంచయమును క్షమింపదు. సముద్రపు తేమ, కాలువల తేమ, శ్రావణ భాద్రపదముల ముసురు కలిసి, వాడక మూసియుంచిన లెన్సు లోపలి గాజుపై బూజును సాలెగూడువలె అల్లించును; అది కొంతకాలమునకు గాజుపై పూతనే తినివేయును. వెలుతురు తగులుచు, గాలి తగులుచు, చేత తిరుగుచున్న ఒక్క లెన్సు ఇచ్చట బ్రతుకును. పెట్టెలో దాచిన తొమ్మిది చచ్చును. వ్రీహులు పోయినపుడు నీవారములు గ్రహింపుమన్న శాస్త్రము, పోవునేమోనని ముందుగనే రెండు గాదెలు నింపుమని చెప్పలేదు.

చల్లపల్లికి కూతవేటు దూరముననున్న ఘంటసాలలో ఒకప్పుడు మహాస్తూపము నెలకొల్పిన బౌద్ధులు ఈ చర్చనంతను విని చిరునవ్వు నవ్వియుందురు. చక్రములు, ఇరుసు, నొగ, కాడి తప్ప రథమని వేరుగా ఏది కలదని భిక్షువైన నాగసేనుడు మిలిందరాజును అడిగినట్లే, పెట్టె, లెన్సు, సెల్లు, రీలు తప్ప సిస్టమని ఏది కలదు? లేనిది నిలిచిపోవుట యేమి? ఇది గట్టి ఆక్షేపణయే. అవయవములకంటె వేరుగా అవయవి కలదని నైయాయికులు వారితో శతాబ్దములు పోరాడిరి. ఆ పోరాటములో నేను చేయి చేసికొనజాలను. కాని కొనుగోలు విషయమున మాత్రము బౌద్ధుని చూపు మిక్కిలి ఉపయోగకరము: సిస్టము బ్రతికినదా చచ్చినదా అని అడుగక, చేతిలోని ఈ పెట్టె యొక్క ఒక్కొక్క అవయవమును పరీక్షింపుమని అది చెప్పును. లెన్సును టార్చిలైటునకు అడ్డముపెట్టి బూజు దారములున్నవేమో చూడవలెను. వెనుకతలుపు తెరచి, గుడ్డతెర ముడతలుపడినదేమో, చిల్లులున్నవేమో చూడవలెను. సెకండు, అరసెకండు వేగములలో షట్టరు నడుమ ఆగి నీల్గునేమో వినవలెను. వెలుతురు చొరకుండ తలుపుగాడిలో అతికించిన స్పంజి జిగటగా కరగిపోయియుండుట సహజము. అది కొద్దిపాటి పని. సెల్లుగూటిలో పాతసెల్లు కారి పచ్చని చిలుము పట్టినదేమో చూడవలెను. వీనిలో ఏది ప్రధానమునకు దెబ్బ, ఏది అంగమునకు దెబ్బ అని విడదీయగలిగిన మెకానిక్కు, బెజవాడలోనైనను, ఒక్కడు దొరకినచో, కంపెనీవాడు వదలివేసెనన్న చింత సగము తీరును.

ఆ యువకునితో నేను ఇంత చెప్పలేదు. పెండ్లిండ్లకు దీనిని తీసికొనిపోవలదనియు, రెండవది కొనవలదనియు, నెలకొక్క రీలైనను తీయగలనను సంకల్పము నిజముగా ఉన్నచో కొనుమనియు చెప్పితిని. ఆ సంకల్పము సడలినచో ఏమి చేయవలెనని అతడడిగిన దానికి కూడ జైమిని వద్ద సమాధానము కలదు. కోరికతో ఆరంభించిన వైదికకర్మను, నడుమ కోరిక తీరినను, నశించినను, విడిచిపెట్టరాదు, ముగించియే తీరవలెనని ఆరవ అధ్యాయము రెండవ పాదములో ఒక నిర్ణయము. దాని వెంటనే, ఇల్లు కట్టుట వంటి లౌకికకార్యములకు ఈ నిర్బంధము లేదని మరియొక నిర్ణయము. కెమెరా నిస్సందేహముగా లౌకికము. క్రొత్త పెట్టె కొన్ననాడే కొంత వెల పోగొట్టుకొనును. ఈ పాతది పోగొట్టుకొనవలసినదంతయు ఎప్పుడో పోగొట్టుకొన్నది. కావున ఒక వర్షకాలము వాడి చూచి, తనకది నిత్యము కాదని తేలినచో, ఇచ్చిన వెలకే మరియొకనికి అమ్మివేయుటకు శాస్త్రము అడ్డు రాదు. ఆ వర్షకాలములో లెన్సునకు బూజు పట్టకుండ చూచుకొనుట మాత్రము అతని పూచీ.